పాత ల్యాప్‌టాప్‌ను పారేయొద్దు, లినక్స్ వేసుకుందాం

(సంఘం వార్షికోత్సవ సభలో కంప్యూటర్ బృందం తరఫున యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో భూమి గురించి, చదువు గురించి, దండారి, గుస్సాడి గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఈసారి సంఘం మాకు ఇచ్చిన అంశం కంప్యూటర్. దీనికీ మన సంస్కృతికీ ఏం సంబంధం అని కొందరు పెద్దలు అడిగారు. సంబంధం ఉంది. ఈరోజు మన పాటలు, మన కథలు, మన పెద్దల గొంతులు ఎక్కడ దాచుకుంటున్నాం? ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో. ఆ ల్యాప్‌టాప్ పనికిరాదని మూలన పడేస్తే దానితోపాటు ఏం పోతుందో ఒక్కసారి ఆలోచించండి.

ముందు సమస్య ఏమిటో చూద్దాం. మన ఇళ్లలో, హాస్టళ్లలో, ఊరి గ్రంథాలయాల్లో ఉన్న ల్యాప్‌టాప్‌లు చాలావరకు పాతవి. డిగ్రీ చదువుకోసం సెకండ్ హ్యాండ్‌లో కొన్నవి కొన్ని, ఉద్యోగం చేసే బంధువులు ఇచ్చినవి కొన్ని, ఎవరో దాతలు పంపినవి కొన్ని. వాటిలో ఎక్కువగా ఉండేది విండోస్ 10. మైక్రోసాఫ్ట్ దాన్ని 2015 జూలైలో విడుదల చేసింది. 2025 అక్టోబర్ 14తో దానికి మద్దతు ఆపేసింది. మద్దతు ఆపడమంటే ల్యాప్‌టాప్ ఆ రోజే ఆగిపోవడం కాదు. అది మామూలుగానే ఆన్ అవుతుంది. కానీ అందులో కొత్తగా బయటపడే భద్రతా లోపాలను సరిచేసే అప్‌డేట్లు ఇక రావు. ప్రత్యేకంగా నమోదు చేసుకున్నవాళ్లకు ఇంకొంత గడువు ఇచ్చారు కానీ అది కూడా తాత్కాలికమే. తలుపుకు గడియ విరిగితే ఇల్లు కూలిపోదు. కానీ గడియ లేని ఇంట్లో ఎన్నాళ్లు నిశ్చింతగా పడుకుంటాం? బ్యాంకు పని, స్కాలర్‌షిప్ దరఖాస్తు, ఆధార్ కాగితాలు అన్నీ అందులోనే చేస్తున్నాం కదా.

మరి విండోస్ 11 వేసుకోవచ్చు కదా అంటారు. అక్కడే చిక్కు. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, సెక్యూర్ బూట్ ఉండాలి, ప్రాసెసర్ వాళ్లు ఒప్పుకున్న జాబితాలో ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆ తర్వాతివే ఆ జాబితాలో ఉన్నాయి. అంటే 2017కు ముందు కొన్న యంత్రాలు దాదాపు అన్నీ బయటే. కొందరు దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కిస్తారు. అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని కంపెనీయే చెప్పింది. కాబట్టి ఆ దారి నమ్ముకోదగ్గది కాదు.

పట్నంలో ఒక దుకాణానికి తీసుకెళ్తే "ఇది అయిపోయింది, కొత్తది కొనుక్కోండి" అన్నారు. కీబోర్డు బాగుంది, తెర బాగుంది, ప్రాసెసర్ బాగుంది. అయిపోయింది యంత్రం కాదు, ఆ యంత్రం మీద కంపెనీకి ఉన్న ఆసక్తి. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవడమే ఈరోజు మా మాటల సారం.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటో ఒక్క మాటలో చెప్తాం. ల్యాప్‌టాప్‌లోని తెర, కీబోర్డు, మెమొరీ, డిస్క్ అన్నిటినీ నడిపించి, మనం వాడే ప్రోగ్రాములకు పని చేసే చోటు ఇచ్చేదే ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ అలాంటిది ఒకటి. అదొక్కటే కాదు. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ మొదలుపెట్టాడు. అంతకుముందే, 1983లో, అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే పనిని ప్రకటించాడు. ఈ రెండూ కలిసి పెరిగి, ప్రపంచమంతా వేలమంది చేతులు పడి, ఈరోజు మనం వాడుకోదగ్గ వ్యవస్థ అయింది. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్నదీ లినక్సే.

దీని లైసెన్సులో నాలుగు మాటలు ముఖ్యం. వాడుకోవచ్చు, లోపల ఎలా ఉందో చదువుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు, మనకు కావలసినట్టు మార్చుకోవచ్చు. ఊరి చెరువు లాంటిదనుకోండి. అందరూ తోడుకుంటారు, అందరూ పూడిక తీస్తారు, ఎవరూ గేటు పెట్టి టికెట్ వసూలు చేయరు. జల్, జంగల్, జమీన్ అన్న కుమ్రం భీం మాట విని పెరిగిన మనకు ఈ సంగతి ఎక్కువగా చెప్పక్కర్లేదు.

ఇక అసలు పనిలోకి వద్దాం. లినక్స్‌లో చాలా రకాలున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మేం చెప్పేది లినక్స్ మింట్, అందులోనూ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రూపం. కింద మెనూ, టాస్క్‌బార్, గడియారం అన్నీ విండోస్‌లో ఉన్నచోటే ఉంటాయి కాబట్టి కొత్తగా అనిపించదు. దీనికి కనీసం 2 జీబీ ర్యామ్ కావాలి, 4 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది. డిస్క్‌లో 20 జీబీ చోటు కనీసం, 100 జీబీ ఉంటే మంచిది. 2024లో వచ్చిన మింట్ 22 వరుసకు 2029 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. అంటే అప్పటివరకు దిగులు లేదన్నమాట. మరీ పాతవి, 32 బిట్ ప్రాసెసర్ ఉన్నవి అయితే వాటికి మింట్ పనికిరాదు. యాంటిఎక్స్ లాంటివి చూడాలి.

మొదటి అడుగు, అన్నిటికన్నా పెద్ద అడుగు: లోపల ఉన్నదాన్ని భద్రం చేయడం. ఇక్కడ కాస్త ఆగి చెప్తాం. గుస్సాడి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్‌లో ఆయన మనల్ని విడిచిపెట్టి వెళ్లారు. అలాంటి పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. పర్ధాన్ తాతలు కిక్రి మీద పాడే వంశగాథలు, అవ్వలు చెప్పే కథలు, దండారి పాటలు మీలో ఎందరో ఫోన్‌లో పట్టుకుని ల్యాప్‌టాప్‌లో వేసి ఉంచారు. లినక్స్ వేసేటప్పుడు "డిస్క్ మొత్తం చెరిపివేయి" అన్నది నొక్కితే లోపల ఉన్నదంతా పోతుంది. ల్యాప్‌టాప్ ఇంకొకటి దొరుకుతుంది. తాత గొంతు ఇంకొకటి దొరకదు.

అందుకని ఒక పద్ధతి పెట్టుకోండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, వీడియోలు అన్నీ వెతికి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. రెండో కాపీ ఇంకోచోట పెట్టండి. అది ఇంకో పెన్ డ్రైవ్ కావచ్చు, ఆన్‌లైన్ నిల్వ కావచ్చు, సంఘం కంప్యూటర్ కావచ్చు. కాపీ అయిందని వదిలేయకుండా ఇంకో యంత్రంలో ఆ ఫైళ్లు తెరిచి, వినిపిస్తున్నాయో లేదో చూడండి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు రాసిపెట్టుకోండి. యంత్రంలో బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ ముందే తీసి పెట్టుకోండి. ఇవన్నీ అయ్యాకే రెండో అడుగు.

రెండో అడుగు, పెన్ డ్రైవ్ తయారుచేయడం. 8 జీబీ పెన్ డ్రైవ్ చాలు. లినక్స్ మింట్ సొంత వెబ్‌సైట్ నుంచే ఐఎస్‌ఓ ఫైల్ దించుకోండి. అది దాదాపు 3 జీబీ ఉంటుంది. మన గూడేల్లో సిగ్నల్ సంగతి తెలిసిందే కదా, కాబట్టి పట్నం వెళ్లినప్పుడు, కాలేజీలో ఉన్నప్పుడు ఒక్కసారి దించుకుంటే చాలు. ఆ ఒక్క పెన్ డ్రైవ్‌తో ఊళ్లోని ల్యాప్‌టాప్‌లన్నిటికీ వేయవచ్చు. దించిన ఫైల్ సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి వెబ్‌సైట్‌లో ఒక పొడవాటి అంకెల, అక్షరాల వరుస ఇస్తారు. దాన్ని మన ఫైల్ వరుసతో పోల్చి చూడాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ఫైల్ వాడొద్దు. ఆ తర్వాత రూఫస్ గానీ, బలీనా ఎచర్ గానీ వాడి ఐఎస్‌ఓను పెన్ డ్రైవ్ మీద రాయాలి. మామూలుగా కాపీ, పేస్ట్ చేస్తే పనిచేయదు. పెన్ డ్రైవ్‌లో పాతవి ఏమున్నా చెరిగిపోతాయి, అదీ గుర్తుంచుకోండి.

మూడో అడుగు, పెన్ డ్రైవ్ నుంచి ల్యాప్‌టాప్‌ను లేపడం. ముందు షట్ డౌన్ చేయండి. పెన్ డ్రైవ్ పెట్టి, ఆన్ చేసిన వెంటనే ఒక కీ పదేపదే నొక్కాలి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12. హెచ్‌పీలో ఎఫ్9. ఏసస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12 కానీ కొన్నిసార్లు బయోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ మెనూను ముందు ఆన్ చేయాల్సి వస్తుంది. జాబితా కనిపిస్తే అందులో పెన్ డ్రైవ్ ఎంచుకోండి. కొద్దిసేపట్లో మింట్ తెర వస్తుంది.

ఇక్కడ చాలామందికి తెలియని మంచి విషయం ఒకటుంది. ఈ దశలో మీ ల్యాప్‌టాప్‌లో ఏదీ మారలేదు. మింట్ పెన్ డ్రైవ్ నుంచే నడుస్తోంది. పెళ్లిచూపులు అనుకోండి, ఇంకా మాట ఇవ్వలేదు. వైఫై దొరుకుతోందా, పాట వినిపిస్తోందా, కెమెరా పనిచేస్తోందా, టచ్‌ప్యాడ్ కదులుతోందా, తెర వెలుతురు తగ్గుతోందా పెరుగుతోందా, ఒక్కొక్కటీ చూసుకోండి. అన్నీ బాగుంటే ముందుకు వెళ్లండి. బాగాలేకపోతే పెన్ డ్రైవ్ తీసేసి మళ్లీ ఆన్ చేస్తే పాత విండోస్ యథాతథంగా వస్తుంది. బ్రాడ్‌కామ్ వైఫై ఉన్న కొన్ని యంత్రాల్లో మొదట వైఫై రాదు. భయపడొద్దు. ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి, ఇంటర్నెట్ వస్తుంది. మింట్ వేశాక డ్రైవర్ మేనేజర్ తెరిస్తే దానికి కావలసిన డ్రైవర్ అదే చూపిస్తుంది.

నాలుగో అడుగు, వేయడం. ఛార్జర్ పెట్టి ఉంచండి, మధ్యలో కరెంటు పోయినా బ్యాటరీ ఆదుకునేలా చూసుకోండి. బ్యాటరీ చచ్చిన యంత్రమైతే కరెంటు నిలకడగా ఉండే వేళ చూసుకోండి. తెర మీదున్న ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కితే ప్రశ్నలు ఒక్కొక్కటే అడుగుతుంది. భాష ఏది, కీబోర్డు ఏది, వీడియోలకు కావలసిన కోడెక్‌లు వేయాలా. అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న డిస్క్ గురించి. విండోస్ పక్కనే మింట్ పెట్టమనొచ్చు, అప్పుడు ఆన్ చేసిన ప్రతిసారీ ఏది కావాలో అడుగుతుంది. డిస్క్ మొత్తం చెరిపి మింట్ ఒక్కటే పెట్టమనొచ్చు. కాలేజీ పనికి విండోస్ తప్పదనుకునేవాళ్లు మొదటిది, గ్రంథాలయం, హాస్టల్ యంత్రాలకు రెండోది ఎంచుకోండి. కాలమండలం అడిగితే కోల్‌కతా అని వస్తుంది, మన దేశమంతటికీ అదే సమయం కాబట్టి అలాగే ఉంచండి. పేరు, పాస్‌వర్డ్ ఇచ్చాక అరగంట అటూ ఇటూగా పని ముగుస్తుంది. పాత హార్డ్ డిస్క్ అయితే ఇంకొంచెం సేపు పడుతుంది.

ఐదో అడుగు, వేశాక చేయాల్సినవి. అప్‌డేట్ మేనేజర్ తెరిచి అప్‌డేట్లన్నీ వేయండి. టైమ్‌షిఫ్ట్ అనే సాధనం ఆన్ చేయండి. రేపు ఏదైనా తేడా వస్తే వ్యవస్థను నిన్నటి స్థితికి అది తిప్పి తెస్తుంది. అయితే అది మీ పాటల్ని, ఫోటోల్ని కాపాడటానికి కాదు, వాటి కాపీ మీరే వేరుగా పెట్టుకోవాలి. ఇంకో మాట. చేతిలో కాస్త డబ్బుంటే పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి. పాత యంత్రానికి దానంత మేలు చేసేది ఇంకొకటి లేదు.

ఇప్పుడు తెలుగు సంగతి. కీబోర్డు సెట్టింగ్స్‌లో లేఅవుట్ దగ్గర తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో టైప్ చేయవచ్చు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెచ్చుకునే అలవాటు ఉన్నవాళ్లు ఐబస్ అనే సాధనంతోపాటు ఎం17ఎన్ పొట్లం వేసుకుంటే అందులో ఆర్‌టీఎస్ పద్ధతి ఉంటుంది. లిబ్రేఆఫీస్‌లో దరఖాస్తులు, ప్రాజెక్టు రిపోర్టులు, సంఘం లెక్కలు అన్నీ చేసుకోవచ్చు. పెద్దల రికార్డింగులను శుభ్రం చేసి ముక్కలు కత్తిరించడానికి ఆడాసిటీ ఉంది. సిగ్నల్ లేని ఊళ్లకు కీవిక్స్ అనే ప్రోగ్రాం వరం. పట్నంలో ఒకసారి తెలుగు వికీపీడియా మొత్తం దించుకుని తెస్తే, ఊళ్లో ఇంటర్నెట్ లేకుండానే పిల్లలు చదువుకోవచ్చు. చిన్నపిల్లలకు బొమ్మలు గీసే టక్స్ పెయింట్, లెక్కలు, ఆటలు నేర్పే జీకాంప్రి ఉన్నాయి. అన్నీ ఉచితమే.

మన లిపుల మాట కూడా చెప్పాలి. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల ఊళ్లో పెద్దలు కాపాడుకుంటూ వచ్చిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి చేరింది. దానికి ముందు ఏడాది, 2017లో, మధ్యప్రదేశ్‌లోని బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగల్ సింగ్ మసారాం 1918లో రూపొందించిన గోండి లిపి చేరింది. సవర భాషకు 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సోరా సోంపెంగ్ లిపి 2012లోనే చేరింది. యూనికోడ్‌లో చోటు దొరకడమంటే ప్రపంచంలోని ఏ కంప్యూటర్‌లోనైనా ఆ అక్షరానికి ఒక గుర్తింపు సంఖ్య ఉన్నట్టు. నోటో అనే ఉచిత ఫాంట్ల కుటుంబంలో ఈ మూడు లిపులకూ ఫాంట్లు ఉన్నాయి. వాటిని మింట్‌లో వేసుకుంటే గుంజాల గోండి అక్షరాలు తెర మీద డబ్బాల్లా కాకుండా అక్షరాల్లాగే కనిపిస్తాయి. క్యారెక్టర్ మ్యాప్ తెరిచి ఒక్కొక్క అక్షరం ఏరుకుని మీ పేరు రాసుకోవచ్చు.

ఇంకో అడుగు ముందుకు వేయాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే వాళ్లకో మాట. లినక్స్ మెనూలను తెలుగులోకి తెచ్చింది ఏ కంపెనీ జీతగాళ్లో కాదు, హైదరాబాద్‌లోని స్వేచ్ఛ లాంటి సంస్థల కార్యకర్తలు, ఎందరో ఔత్సాహికులు. అదే పని గోండిలోకి, కోలామీలోకి, కోయలోకి చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఫైల్‌ను, ఫోల్డర్‌ను, సేవ్‌ను మన భాషలో ఏమనాలో పెద్దల దగ్గర కూర్చుని మాట తేల్చుకోవాలి, అంతే. మన భాష తెలిసిన పిల్లలు చేయాల్సిన పని ఇది, వేరేవాళ్లు మనకోసం చేయలేరు.

ఇబ్బందులు దాచిపెట్టి మాట్లాడటం మంచిది కాదు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్, ఫోటోషాప్, టాలీ లాంటివి లినక్స్ కోసం తయారైనవి కావు. టాలీ నేర్చుకుని ఉద్యోగం చూసుకునేవాళ్లు విండోస్ ఉంచుకోవాల్సిందే. వర్డ్‌లో చేసిన ఫైల్ లిబ్రేఆఫీస్‌లో తెరుచుకుంటుంది కానీ పట్టికలు, పేజీ అమరిక అప్పుడప్పుడు కదులుతాయి. కాబట్టి ఎక్కడికైనా పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి. కొన్ని పాత ప్రింటర్లు మొండికేస్తాయి. కొత్త కంప్యూటర్ గేమ్‌లు ఆడాలన్న ఆశ పాత ల్యాప్‌టాప్ దగ్గర ఎలాగూ తీరదు.

మీరు ఎప్పుడూ అడిగే రెండు ప్రశ్నలకు కూడా జవాబు చెప్తాం. "అన్నా, ల్యాప్‌టాప్ పాడైపోతే?" ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినంత మాత్రాన యంత్రం పాడవదు. మధ్యలో ఏదైనా తేడా వస్తే అదే పెన్ డ్రైవ్‌తో మళ్లీ మొదటి నుంచి వేయవచ్చు. పోయేది ఫైళ్లే, అందుకే మొదటి అడుగు గురించి అంతసేపు చెప్పాం. "అక్కా, మాకు ఇంగ్లిష్ అంతగా రాదు, చేయగలమా?" కేరళలో ప్రభుత్వ బడి పిల్లలు ఏళ్లుగా లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. ఐదో తరగతి పిల్లలకు వచ్చిన విద్య మీకు రాకుండా పోదు.

చివరగా మా బృందం మీ ముందు పెడుతున్న కోరికలు మూడు. ఊరికి ఒకరు ఈ పని నేర్చుకోండి, నేర్చుకున్నవాళ్లు ఇంకొకరికి నేర్పండి. మూలన పడి ఉన్న ల్యాప్‌టాప్‌లను పాతసామాన్ల బండికి అమ్మకండి, కాల్చకండి. వాటిలో సీసం లాంటి విషాలుంటాయి, అవి మన నేలలోకి, నీళ్లలోకే చేరతాయి. నిజంగా పనికిరానివైతే ఈ-వ్యర్థాలు తీసుకునే చోటే ఇవ్వండి, పనికొచ్చేవాటిని గ్రంథాలయానికి తెచ్చివ్వండి. మూడోది, ఈ దండారికి ఊరి పెద్దల పాటలు రికార్డు చేయండి. ముందు వాళ్ల అనుమతి అడగండి. పేరు, ఊరు, తేదీ రాయండి. రెండుచోట్ల భద్రం చేయండి. దాచుకోవడానికి యంత్రం లేదని ఏ ఊరూ వెనకపడకూడదు.

పెన్ డ్రైవ్‌లు మా దగ్గర ఉన్నాయి. సభ అయ్యాక గ్రంథాలయం గదిలో కూర్చుంటాం. ల్యాప్‌టాప్ తెచ్చినవాళ్లు ఛార్జర్ కూడా పట్టుకుని రండి. ముందు ఫైళ్లు కాపీ చేద్దాం, ఆ తర్వాతే మిగతా పని.